గుడారం కూలిన ఆదివారం

దుప్పటి పట్టుకుని ఒక్క లాగు లాగేసరికి గుడారం కూలింది. కుర్చీలకు కట్టిన రిబ్బన్లు పటపటా తెగాయి. పైనుంచి వేలాడుతున్న కాగితం నక్షత్రాలు వచ్చి రవ్వ పళ్లెంలో పడ్డాయి, పళ్లెం బోర్లాపడింది, పసుపు రంగు కలిపిన రవ్వ హాలంతా చిందింది. బొమ్మ సింహం సోఫా కిందికీ, బొమ్మ ఏనుగు చెప్పుల స్టాండు దగ్గరికీ దొర్లిపోయాయి.

పిల్ల పిడుగు ఒక్క క్షణం నోరు తెరుచుకుని చూసింది. ఆ తర్వాత ఇల్లు ఎగిరిపోయేలా అందుకుంది.

“అమ్మా! అమ్మా!”

ఆ పిలుపు వినగానే చిన్నకోడలు చేతిలో దుప్పటి అక్కడే పడేసి రెండు చేతులూ చాపింది. కన్నతల్లి, చాపకుండా ఎలా ఉంటుంది? పిల్ల ఆ చేతుల కిందనుంచే దూరిపోయి, మధ్య తలుపు దగ్గరికి పరిగెత్తి, బుల్లి అరచేతులతో దబదబా బాదింది.

“అమ్మా!”

మధ్య తలుపు అవతలిది పెద్దకోడలి వాటా.

చిన్నకోడలికి తల కొట్టేసినట్టయింది. వెనకనుంచి వెళ్లి పిల్లను ఎత్తుకోబోయింది. ఇంకా రెండేళ్లు నిండని ఆ పిడుగు విల్లులా వెనక్కి వంగి, “తెల్లీ వద్దు! తెల్లీ వద్దు!” అంటూ జారిపోయి భోజనాల బల్ల కింద దూరింది. ఇక అక్కడినుంచి ఏడుపు తప్ప మనిషి కనిపించలేదు.

“సంతోషమేనా?” అన్నారు అత్తగారు బీన్స్ ఈనెలు తీస్తూ. “పొద్దున్నే పసిదాని సర్కస్ పీకి పందిరేశావు.”

“నా హాల్లో నేను సర్దుకోకూడదా అత్తయ్యా? నెల్నుంచి కాలు పెట్టే చోటు లేదు. ఇటు చూస్తే రవ్వ, అటు చూస్తే దూది ఉండలు. నిన్న నా భోజనంలో ఒంటె వచ్చింది.”

“ఒంటె రాలేదు, ఒంటె తోక వచ్చింది,” అన్నాడు పేపర్ వెనకనుంచి ఆమె మొగుడు.

అతను లిఫ్టుల మెకానిక్కు. ఎన్నో అంతస్తులో ఆగిపోయిన లిఫ్టునైనా మనుషులకు దెబ్బ తగలకుండా కిందికి దించుతాడు. ఇంట్లో ఇద్దరాడవాళ్ల మధ్య ఇరుక్కున్నప్పుడు మాత్రం పేపర్ చాటున దాక్కోవడం తప్ప ఇంకో విద్య రాదు. భార్య చూసిన చూపుకి పేపర్ ఇంకాస్త పైకి లేపాడు.

అప్పుడు తెరుచుకుంది మధ్య తలుపు.

పెద్దకోడలు రెండు చేతులతో ఒక బేసిన్ పట్టుకుని వచ్చింది. బేసిన్ నిండా తెల్లటి సబ్బు నురుగు. ఆదివారం సర్కస్‌లో ఏనుగు స్నానమట. ముక్కు మీద ఎర్ర ఉన్నితో అల్లిన జోకర్ ముక్కు కూడా పెట్టుకునే ఉంది. గుమ్మంలో ఆగి, కూలిన గుడారం చూసింది, చిందిన రవ్వ చూసింది. ముక్కు తీసి కొంగున ముడేసుకుంది.

“ఎలా పడింది చెల్లీ?”

“పడలేదక్కా. నేనే లాగేశాను.”

పెద్దకోడలు బేసిన్ ఓ పక్కన పెట్టి నేలమీద కూర్చుని, అరచేతులతో రవ్వ కూడదీయసాగింది. ఆ ఊరుకోవడమే చిన్నకోడలికి ఒళ్లు మండించింది. నాలుగు మాటలు అంటే తనూ నాలుగు అనొచ్చు. మంచితనంతో చంపే మనిషితో పోట్లాడడం ఎలా?

బల్ల కిందనుంచి ఏడుపు ఠక్కున ఆగింది. పిడుగు పాక్కుంటూ వచ్చి పెద్దకోడలి ఒళ్లో ఎక్కి, ఆమె భుజానికి ముక్కు తుడుచుకుని, “అమ్మా, పోయింది,” అని నక్షత్రం చూపించి ఫిర్యాదు చేసింది.

“విన్నారా?” అంది చిన్నకోడలు అందరినీ చుట్టబెట్టి చూస్తూ. “నలుగురూ విన్నారా? ఆవిడ అమ్మ. నేను తెల్లీ.”

“ఎన్నిసార్లు చెప్పాలి అమ్మాయ్?” అత్తగారు బీన్స్ గిన్నె పక్కకి నెట్టారు. “అది పెద్దమ్మ అంటోంది. నోరు తిరక్క పెద్ద మింగేస్తోంది. మిగిలింది అమ్మ. అంతమాత్రానికి నువ్వు వారం రోజులు మొహం మాడ్చుకుంటావా?”

“పెద్ద అనడం దానికి రాదంటారా?”

“రాదు మరి.”

చిన్నకోడలు చెప్పుల స్టాండు దగ్గర పడున్న ఏనుగును తెచ్చి పిల్ల ముందు పెట్టింది. “ఇదేంటే పిడుగూ?”

“పెద్ద ఏంగు!” అంది పిడుగు, కన్నీళ్లతోనే మొహం వెలిగిపోతూ.

అత్తగారు మళ్లీ బీన్స్ అందుకున్నారు. పేపర్ కదల్లేదు. కోర్టులో గెలిచిన లాయరులా నిలబడింది చిన్నకోడలు. అయితే ఆ గెలిచింది తనమీదే అని తెలియడానికి ఎంతోసేపు పట్టలేదు. పెద్ద అనడం వచ్చి కూడా పిల్ల దాన్ని తీసి పక్కన పెడుతోందన్నమాట. అత్తగారు చెప్పిన అబద్ధమే నయం, దాన్ని నమ్మి ఓ మూల కూర్చుంటే సరిపోయేది.

“ఏనుగు వేరు, మనిషి వేరు,” అన్నారు అత్తగారు కాస్త నెమ్మదిగా. “అయినా ఈ ఇంట్లో నిన్ను అమ్మా అన్నవాళ్లెవరు? నేను అమ్మాయ్ అంటాను. వీడు ఏమోయ్ అంటాడు. పెద్దది చెల్లీ అంటుంది. పిల్ల పొద్దస్తమానం పెద్దదాని నోరే చూస్తుంటుంది. అది ఎలా పిలిస్తే ఇదీ అలాగే పిలుస్తుంది. దానికేం తెలుసు?”

“అదే నేనంటున్నది కూడా. పొద్దస్తమానం ఆవిడ నోరే చూస్తుంది.”

“నువ్వు పళ్ల దగ్గరికి పోతే ఇంకెవరి నోరు చూడాలి?”

ఆ మాట సూటిగా వచ్చి తగిలింది. చిన్నకోడలు పని చేసేది పళ్ల సెట్లు తయారుచేసే లేబరేటరీలో. డాక్టర్లు పంపిన దవడ అచ్చులు ముందు పెట్టుకుని, గులాబీ రంగు మైనంలో చిగుళ్లు మలిచి, ఒక్కో పన్నూ అమర్చడం ఆమె పని. ఆమె అమర్చిన పళ్లతో ఎంతమంది ముసలివాళ్లు జామకాయలు కొరుకుతున్నారో లెక్క లేదు. ఊరందరి నోళ్లూ ఎరిగిన మనిషికి, సొంత కూతురి నోట్లో దవడ పన్ను మొలిచిన సంగతి తోడికోడలు చెబితే తెలిసింది. “చెల్లీ, చూశావా, వెనక పన్ను!” అని ఆవిడ సంబరంగా పిల్ల నోరు తెరిచి చూపించినప్పుడు, ఆ పన్ను మీద కూడా చిన్నకోడలికి కోపం వచ్చింది. నేను వచ్చేదాకా ఆగలేకపోయావా అని.

పెద్దకోడలు కూడదీసిన రవ్వ పళ్లెంలో పోసి లేచింది. పిల్లను నెమ్మదిగా దింపింది.

“ఇవాళ ఎలాగూ ఇంట్లోనే ఉన్నావుగా చెల్లీ. నువ్వే ఆడించు. నేను వంట చూసుకోవాలి.”

ఆవిడ మామూలుగానే అంది. చిన్నకోడలి చెవికి మాత్రం ‘చేతనైతే ఆడించు చూద్దాం’ అని వినబడింది. అసూయ పట్టిన చెవులకు అలాంటివి బాగా వినబడతాయి.

*

చేతనైతే ఏంటి? చేతులతోనే కదా బతుకుతోంది తను!

పడగ్గది తలుపు మూసి, పనిసంచీ మంచం మీద కుమ్మరించింది. మైనం రేకులు, మైనం కత్తి, స్పిరిట్ దీపం, పళ్లు నిండిన చిన్న డబ్బా బయటపడ్డాయి. తోడికోడలి రవ్వ ముట్టుకోనని ఒట్టు పెట్టుకుంది కాబట్టి ఇంకో బేసిన్‌లో గోధుమపిండి పోసి గుండ్రంగా చదును చేసింది. దుప్పటి కాదు, తన పెళ్లినాటి పట్టుచీరే గుడారంగా కట్టింది. పెళ్లిచీరతో గుడారమేంటని ఎవరైనా అడిగితే చెప్పడానికి జవాబు కూడా సిద్ధం చేసుకుంది గానీ ఎవరూ అడగలేదు.

తర్వాత దీపం వెలిగించి మైనం కాచి, జంతువులు మలచడం మొదలుపెట్టింది.

ఏనుగు తయారైంది. చెవులు విసనకర్రల్లా, తొండం పైకెత్తి, అచ్చు ప్రాణమున్నట్టే ఉంది. సింహానికి జూలు గీతలు గీతలుగా గీసింది. కోతికి తోక చుట్టింది. జోకర్‌కి టోపీ పెట్టింది. పని నడుస్తున్నంతసేపూ కోపం కూడా మైనంలాగే మెత్తబడింది. అన్నీ పూర్తయ్యాక వరసగా నిలబెట్టి చూసుకుంటే అప్పుడు కనిపించింది, ఆమె చేతులు తమ అలవాటు తాము కానిచ్చేశాయి. ఏనుగుకీ సింహానికీ కోతికీ జోకర్‌కీ అందరికీ నోటినిండా చక్కటి మనిషి పళ్లు అమర్చి ఉన్నాయి. పై వరస, కింది వరస, ఒక్క పన్ను వంకర లేదు.

ఆమెకే నవ్వొచ్చింది. వారం రోజుల తర్వాత అదే మొదటి నవ్వు.

ఆ పళ్లన్నీ పీకేసి డబ్బాలో వేసి మూత బిగించింది. పిల్ల నోట్లో పెట్టుకుంటే అదొక గొడవ. పళ్లు పోయిన చోట మైనంతోనే వరసలు గీసి, దీపం ఆర్పి, తలుపు తెరిచింది.

“పిడుగూ! సర్కస్ వచ్చింది. అమ్మ దగ్గరికి రా!”

అమ్మ దగ్గరికి రా అనగానే పిల్ల మధ్య తలుపు వైపు చూసింది. చిన్నకోడలు నాలిక కరుచుకుంది. గొంతు మార్చి, “తెల్లీ దగ్గరికి రా,” అంది.

పిల్ల వచ్చింది.

ముందు గుమ్మంలోంచి తొంగి చూసింది. తర్వాత వేలు పెట్టి పిండి తాకింది. రవ్వ గరగరలాడుతుంది, పిండి పట్టులా మెత్తగా జారుతుంది. ఆ తేడా వేలికి తెలియగానే కళ్లు పెద్దవి చేసి, పిడికెడు పిండి ఎత్తి తల్లి ఒళ్లో పోసింది. ఇంకాస్త గోరువెచ్చగా ఉన్న మైనం ముద్ద అరచేతిలో పెడితే నొక్కింది, వదిలింది, మళ్లీ నొక్కింది. మైనం మీద బుల్లి వేళ్ల గుర్తులు పడ్డాయి. సింహం నోరు చూసి, “పళ్లూ!” అని తన నోరు తెరిచి చూపించింది. వెనక దవడ పన్ను తెల్లగా తళుక్కుమంది.

“అవునమ్మా, పళ్లు. ఏదీ, నీవి చూడనీ.”

ఇద్దరూ ఒకరి నోరు ఒకరు చూసుకుని పడీ పడీ నవ్వారు. తాడు మీద నడకంటూ చిన్నకోడలు బీరువాలోంచి చున్నీ తీసి నేలమీద పరిస్తే పిల్ల ఆమె వేలు పట్టుకుని ఊగుతూ నడిచింది, చివర్లో చప్పట్లు తనే కొట్టుకుంది. మైనం వాసనకి రోజూ మొహం తిప్పుకునే పిల్ల, ఇవాళ ఆ చేతులనే తెచ్చి ముక్కుకి రాసుకుంది. ఆమె కడుపు నిండిపోయింది. చూశావా అక్కా, అనుకుంది మనసులో. ఎంతసేపు పట్టింది నాకు?

అలా అనుకుంటూ ఉండగానే పిల్ల ఒళ్లోంచి దిగింది. మైనం ఏనుగును చంకలో ఇరికించుకుని, పిండి కాళ్లతో హాలంతా అచ్చులు వేస్తూ తుర్రుమంది.

“ఎక్కడికే?”

ఎక్కడికో ఆమెకు తెలుసు. మధ్య తలుపు చప్పుడైంది.

*

పెద్దకోడలు నవ్వుతూనే వచ్చింది. చంకలో పిల్ల, పిల్ల చేతిలో ఏనుగు.

“చెల్లీ! ఎంత బాగా చేశావే! ఈ తొండం చూడు, ఈ చెవులు చూడు. పళ్లు చూస్తే మాత్రం పళ్ల సెట్టు పెట్టుకున్న మా మావగారే.” అని అత్తగారి వైపు తిరిగి నాలిక కరుచుకుంది. అత్తగారు కూడా నవ్వారు. పేపర్ కిందికి దిగింది. ఇల్లు తేలికపడబోయింది.

“అమ్మా, తూడు. పెద్ద ఏంగు!” అంది పిడుగు పెద్దకోడలి గడ్డం పట్టుకుని తన వైపు తిప్పుకుంటూ.

ఒళ్లంతా పిండితో గదిగుమ్మంలో నిలబడి ఉంది చిన్నకోడలు. తను మలిచిన ఏనుగు, తను కాచిన మైనం, తన పెళ్లిచీర గుడారం. ఇంత చేసి చివరికి ఆవిడకి చూపించడానికి ఒక బొమ్మ తయారుచేసి ఇచ్చింది.

“దాన్ని దించు,” అంది.

“ఏంటి చెల్లీ?”

“నా పిల్లను దించు. నీ కడుపు పండలేదని నా బిడ్డను కాజేస్తావా?”

అత్తగారి చేతిలో బీన్స్ కాయ అలాగే ఉండిపోయింది. పేపర్ జారి నేలమీద పడింది.

“ఏమోయ్!” అన్నాడు మొగుడు లేచి నిలబడి. “ఏం మాటలవి?”

జారిన నోరు వెనక్కి రాదు. పెద్దకోడలి పెళ్లయి ఇన్నేళ్లుగా ఈ ఇంట్లో ఎవరూ, ఎంత కోపంలోనూ, మాటవరసకైనా ఆవిడకు పిల్లలు లేరన్న సంగతి ఎత్తలేదు. చుట్టాలెవరైనా అడగబోతే అత్తగారే మాట మార్చేసేవారు. చిన్నకోడలు పెళ్లయి వచ్చిన కొత్తలో ఒకావిడ ఏదో సణిగితే, వాకిట్లోకి వెళ్లి పోట్లాడి వచ్చింది చిన్నకోడలే.

పెద్దకోడలు పిల్లను నేలమీద నిలబెట్టింది. ఫ్రాకు సరిచేసింది. మాట్లాడినప్పుడు గొంతులో కోపం లేదు, ఏదో పని వివరంగా అప్పజెబుతున్నట్టు చెప్పింది.

“మొదట్లో నువ్వు పనికి వెళ్లగానే అది పోయి చెప్పుల స్టాండు దగ్గర కూర్చునేది. నీ ఇంటి చెప్పులు తీసి ఒళ్లో పెట్టుకునేది. లేపితే ఏడుపు. చెప్పులు తీసుకుంటే ఇంకా ఏడుపు. బొమ్మలిచ్చాను, పాటలు పాడాను. ఊహూఁ. చేతులు ఖాళీగా ఉంటే చాలు, నీ చెప్పులే వెతుక్కునేవి. అందుకని చేతులకి పని పెట్టాను. రవ్వ పోశాను, దూది ఇచ్చాను, నురుగు చేశాను. ఒకరోజు ఏనుగు పెట్టాను. అలా అలా సర్కస్ అయింది.”

“నాకెందుకు చెప్పలేదు?” అంది చిన్నకోడలు.

“చెబితే నువ్వు అక్కడ కూర్చుని పళ్లు అమర్చగలిగేదానివా?”

క్షమించమని అడగాల్సిన చోటు అదే. ఆ సంగతి ఆమెకు తెలుసు. కాళ్ల మీద పడినా తప్పు లేదని కూడా తెలుసు. కానీ తన కోసం ఏడ్చిందన్న మాట చెవిన పడగానే లోపల ఎక్కడో చల్లగా అయింది. ఎండలో తిరిగొచ్చిన మనిషి కుండలో నీళ్లు తాగినట్టయింది. ఆ చల్లదనానికి సిగ్గేసింది, అయినా ఇంకో గుక్క కావాలనిపించింది. నోరు తెరిస్తే వచ్చిన మాట వేరేది.

“చాలాసేపు ఏడ్చేదా?” అంది.

పెద్దకోడలు ఆమె మొహంలోకి అలాగే చూసింది. ఇందాకటి మాటకి చెదరని మొహం ఈ మాటకి చెదిరింది. కొంగు చివర ముడి విప్పి, ఎర్ర ముక్కు తీసి బల్ల మీద పెట్టింది. మధ్య తలుపు దాకా నడిచి, వెనక్కి తిరక్కుండా అంది.

“తలుపు వేసుకో అమ్మా.”

వీధిలో కూరలమ్మే ఆవిడతో, దారి అడిగినవాళ్లతో, పేరు తెలియని మనిషితో అనే అమ్మా అది. చెల్లీ లేదు. చిన్నకోడలు ఈ ఇంట్లో అడుగుపెట్టిన నాటినుంచీ ఒక్కరోజు కూడా మానని పిలుపు, గడప దాటేలోగా మానేసింది ఆవిడ.

“అక్కా,” అంది చిన్నకోడలు. పైకి వినిపించేంత గట్టిగా రాలేదు.

అవతల నుంచి తలుపు మూసుకుంది. ఆ తలుపుకి అటువైపు గడియ ఉందని కూడా అందరూ మరిచిపోయి ఎన్నేళ్లయిందో. తుప్పు పట్టిన గడియ కిర్రుమంటూ, ఆగుతూ ఆగుతూ పడింది.

“రేపు పిల్లను ఎవరు చూస్తారు?” అన్నారు అత్తగారు గాల్లోకి.

పిడుగు మూసిన తలుపు వైపు చూసింది. బాదలేదు, ఏడవలేదు. ఏనుగును చంకలోనే పెట్టుకుని మెల్లగా వెనక్కి తిరిగి, పిండి కాళ్లతో చిన్నకోడలి ముందుకొచ్చి నిలబడింది. తల పైకెత్తి, పెద్దకోడలు అన్న తీరులోనే, ఆ ముక్తసరి గొంతుతోనే, స్పష్టంగా అంది.

“తలుపు ఏస్కో అమ్మా.”

అత్తగారు మొహం కిటికీ వైపు తిప్పుకున్నారు.

తెల్లీ అనబోయి పిల్ల తప్పు పలికిందేమోనని చిన్నకోడలు ఆశగా చూసింది. పిల్ల తప్పు పలకలేదు. పిలిచాక బదులు రాకపోతే పసిపిల్లలు ఊరుకోరు కదా, ఆమె చీర కుచ్చిళ్లు పట్టి లాగింది.

“అమ్మా,” అంది మళ్లీ. “అమ్మా.”

ఊఁ అనడానికి చిన్నకోడలికి నోరు రాలేదు.